కంటిరెప్పకు తాకించిన దారం

నేను భయస్తురాలిని. వినయం కొద్దీ అనే మాట కాదిది, మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. ఫోన్ మోగితే ముందు గుండె దడదడలాడుతుంది, ఆ తర్వాతే చెయ్యి కదులుతుంది. ఆ ఏడాది మిరపకోతలు ముమ్మరంగా ఉన్నప్పుడు మరిది, మా చెల్లెలి భర్త, ఫోన్ చేశాడు. "వదినా, నొప్పులొచ్చేశాయి. గుంటూరు తీసుకొచ్చేశాం" అన్నాడు. చెల్లికి అప్పటికి ఏడో నెల. అన్నేళ్లుగా ఊరికే పడిన భయాలన్నీ ఈ ఒక్కదానికి రిహార్సల్ అని అప్పుడనిపించింది.

పాప పుట్టింది. బతికే ఉంది. అంతకుమించి ఎవరూ ఏమీ చెప్పలేదు. అద్దాల పెట్టెలో పెట్టి, కన్నతల్లిని కూడా దగ్గరికి రానివ్వలేదు. నేను కిటికీలోంచి చూశాను. తల బత్తాయికాయంత ఉంది. పక్కటెముకలు పైకీ కిందికీ ఆడుతుంటే అవి ఆగిపోతాయేమోనని నా ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాను.

కాసేపటికి అక్కడి నర్సు బయటికొచ్చింది. ఆవిడను అందరూ సిస్టర్‌గారూ అనే పిలిచేవారు. "మీలో అల్లిక తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారాండీ? పాప తలకి టోపీ కావాలి. ఒంట్లో వేడంతా తల్లోంచే పోతుంది. బజార్లో దొరికేవన్నీ పెద్దవైపోతాయి. మెత్తటి నూలుదైతే మంచిది, ఉతికి తీసుకురండి" అంది.

అందరూ నావైపు తిరిగారు. నేను మా ఊరి బళ్లో పంతులమ్మను. అమ్మ చిన్నప్పుడు మిషను హాస్టల్లో ఉండి అల్లిక నేర్చుకుంది, నేను అమ్మ దగ్గర నేర్చుకున్నాను. మా చర్చిలో బల్లమీద పరిచిన లేసుగుడ్డ నా చేతిదే, పండగలప్పుడు దాన్ని చూసి నలుగురూ మెచ్చుకుంటుంటే ఒళ్లు మరిచిపోయేదాన్ని కూడా. బల్లకు చలి వెయ్యదు, ఒరుసుకుపోదు. ఊపిరి తీసే ప్రాణికి అల్లడం అదే మొదలు.

దారాల కొట్లో నిలబడితే బుర్ర పనిచెయ్యలేదు. కొట్టాయన గులాబీ రంగు ఉండ ఒకటి నా ముందు పెట్టి, "బేబీ ఊలమ్మా, దూదిలా ఉంటది" అన్నాడు. నిజమే, దూదిలాగే ఉంది. కొస తెంపి అగ్గిపుల్ల గీసి అంటించమన్నాను. అమ్మ ఎప్పుడూ అలాగే చూసేది. ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, నూలైతే కాగితంలా కాలి బూడిదవుతుంది. ఇది ఆ రెండింట్లో ఏదీ కాదు. ప్లాస్టిక్‌లా కరిగి ముడుచుకుపోయి నల్లటి పూసలా గట్టిపడింది. మేమంతా ఊలు ఊలు అంటాం గానీ మా ఎండలకు అసలైన ఉన్ని ఎవరు తెచ్చి అమ్ముతారు? ఆ నల్లపూస చూస్తుంటే పాప తల గుర్తొచ్చి, ఆ ఉండను పక్కకు నెట్టేశాను.

"నూలు చూపించండి" అన్నాను. ఆయన రెండు రకాలు తీశాడు. ఒకటి లేసుదారం, సన్నగా మెరుస్తూ ఉంది గానీ ముట్టుకుంటే గరుకు. రెండోది నాలుగు పోగులు కలిపి పేనింది, మెత్తగా, బొద్దుగా ఉంది. వాటికి మధ్య రకం, సన్నదీ మెత్తదీ, అరలో ఉండే ఉంటుంది. నేను అడగలేదు. వార్డులో ఏసీ గుర్తొచ్చింది, లావుగా ఉంటే వెచ్చగా ఉంటుంది కదా అనుకున్నాను. భయంలో మనిషికి ఏది లావుగా కనిపిస్తే అదే మంచిదనిపిస్తుంది. ఇంకా ఉండ చుట్టని దారపు కట్టలు, రెండు చిలపలు కొనుక్కుని, ప్రత్తిపాడు వైపు ఉన్న మా ఊరికి బస్సెక్కాను.

ఇంటి వెనకే మా కళ్లం. కోసిన మిరపకాయలు ఎర్రగా పరుచుకుని ఎండుతున్నాయి. అమ్మ రంగు పోయిన తాలుకాయలు ఏరుతూ ఉండి, నన్ను చూసి లేచి వచ్చింది. చేతులు కడుక్కుని, నేను అన్నం తినేలోగా ఒక చిలప విప్పి మోకాళ్లకు తగిలించుకుని ఉండగా చుట్టేసింది. చుట్టినంతసేపూ "ప్రభువా, ప్రభువా" అంటూనే ఉంది. నేను క్రోషా సూది తీసుకుని ఆ ఉండతో టోపీ మొదలుపెట్టాను. కొలతకు ఒక బత్తాయికాయ ఎదురుగా పెట్టుకున్నాను. అల్లుతున్నప్పుడు సరిపోయినట్టే ఉంది. సబ్బునీళ్లలో జాడించి ఆరేసి, ఆరగానే, సామాన్లకని ఊరికొచ్చిన మరిది చేతికిచ్చి పంపాను.

మర్నాడు పొద్దున మిగిలిన ఉండతో మేజోళ్లు మొదలుపెట్టాను. రాత్రి నిద్రలేదు, కళ్లల్లో నీళ్లు ఊరుతున్నాయి. దారం పట్టుకున్న చేత్తోనే కన్ను తుడుచుకున్నాను.

కన్ను భగ్గుమంది.

నా చేతికున్న మిరపే అనుకున్నాను. ఈ రోజుల్లో మా ఊళ్లో ఎవరి చేతికి మిరప అంటదు? లేచి వెళ్లి కొబ్బరినూనె బాగా రాసుకుని, సబ్బుతో రుద్ది రుద్ది కడిగాను. తిరిగొచ్చి, ఈసారి కావాలనే ఆ ఉండ తీసుకుని రెండో కంటిరెప్పకు మెల్లగా తాకించాను. అదీ మండింది.

"అమ్మా, నిన్న ఈ ఉండ చుట్టేముందు చేతులకి నూనె రాసుకున్నావా?"

"కడుక్కున్నానే! సబ్బేసి కడుక్కున్నా" అంది అమ్మ. అని, తన చేతులవైపు చూసుకుంది. మొహం పాలిపోయింది.

కళ్లంలో చేతులు పెట్టిన మనిషి నూనె రాసి కడగనిదే పసిబిడ్డను ముట్టుకోకూడదని మావైపు చంటిపిల్లల తల్లులందరికీ తెలుసు. ఉత్త నీళ్లకూ సబ్బుకూ మిరపఘాటు వదలదు. మమ్మల్ని పెంచినన్నాళ్లూ అమ్మ ఆ నియమం ఒక్కనాడు తప్పలేదు. దారాన్ని ముట్టుకోవడమంటే బిడ్డను ముట్టుకోవడమేనని మాత్రం ఆమెకు తట్టలేదు, నాకూ తట్టలేదు. ముదురు వేళ్లకు మంట తెలియదు. పత్తీ మిరపా పక్కపక్క చేలల్లో పండించే వాళ్లం, నూలు దేన్నయినా పీల్చుకుని వదలదని వేరే ఎవరైనా వచ్చి చెప్పాలా మాకు?

మరిదికి ఫోన్ చేస్తే ఎత్తడు. చెల్లి ఫోన్ ఆఫ్‌లో ఉంది. ఆటో మాట్లాడుకుని బయల్దేరాను. దారంతా గుంటూరు మార్కెట్ యార్డుకు పోయే మిర్చి లారీలు. ఒక లారీ వెనక ఇరుక్కుపోతే ఆటో డ్రైవర్ మీద అరిచాను, పాపం ఆయన ఎగిరి దూకలేడు కదా. కళ్లు మూసుకుంటే అద్దాల పెట్టెలో ఆ బత్తాయికాయంత తల, దానిమీద నా టోపీ, కింద కందిపోయిన చర్మం కనిపిస్తున్నాయి. ఏడవడానికి కూడా ఆ పిల్ల గొంతులో బలం లేదు. మండితే ఎవరికి చెబుతుంది? దేవుణ్ణి ఏమని అడగాలో కూడా నాకు తెలియలేదు.

మెట్లెక్కి పైకి వెళ్లేసరికి సిస్టర్‌గారే ఎదురైంది. "టోపీ... టోపీ..." అన్నాను.

"ఓ అదాండీ? పాపకి పెట్టలేదు. నా పిడికిలికి తొడిగి చూస్తే సాగి వేలాడింది. నూలుకి సాగడమే గానీ తిరిగి ముడుచుకోవడం ఉండదు కదా. దానికి తోడు లావు, బరువు. కళ్లమీదకి జారి ముక్కు మూసేస్తుందని నిన్న సాయంత్రమే మీ చెల్లికి ఇచ్చేశాను. ఇంకాస్త సన్నదారంతో అల్లుతారా?"

అక్కడే చేతులు జోడించాను. చేసిన పని చెడిపోయినందుకు దేవుడికి దణ్ణం పెట్టుకోవడం నా జన్మలో అదొక్కసారే.

చెల్లి మంచంమీద కూర్చుని ఉంది. ప్రసవమైన దగ్గర్నుంచీ పాలు పడలేదని కుమిలిపోతూ ఉండింది. ఒక్క చెమ్చాడు వచ్చినా సన్నగొట్టంతో పాపకు పోస్తామని డాక్టరుగారు అన్నారట. నన్ను చూడగానే దాని మొహం విప్పారింది.

"అక్కా, పాలు పడుతున్నాయే! రాత్రి నుంచీ ఒకటే మంట. మొదట్లో ఇట్టాగే ఉంటదంటగా? సిస్టర్‌గారిని గిన్నె అడిగా, పిండి ఇస్తా."

పైట కొంచెం జరిపి చూపించింది. జాకెట్టు లోపల, రొమ్మును ఆనించి, నా టోపీ ఉంది. పాపను ఎత్తుకోనివ్వలేదు కాబట్టి పాప టోపీని పెట్టుకుని పడుకుందట. దాని చుట్టూ చర్మం ఎర్రగా కందిపోయి ఉంది.

అప్పుడు వేసినంత భయం ఆటోలో కూడా వెయ్యలేదు. చెప్పకపోతే ఆ ఘాటు పాలతో పాటే పాపకు చేరుతుంది. చెబితే ఈ మొహం ఏమవుతుందో చూడాలి. టోపీ బయటికి లాగేసి, "అవి పాలు కాదే. మిరప. అమ్మ చేతులది దారానికి అంటుకుంది" అన్నాను.

అది నావైపు చూసింది, టోపీవైపు చూసింది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను.

"పాపకి పెట్టలేదుగా?"

"లేదు."

"నాకే కదా మండింది" అంది. "పోన్లే అక్కా. నాకే కదా."

కొబ్బరినూనె తెచ్చి దానికి నేనే తుడిచాను, దూదితో మళ్లీ మళ్లీ. తర్వాత అదే కొట్టుకు వెళ్లి, ముందురోజు అడగని ఆ మధ్యరకం అడిగాను. రెండు పోగుల మెత్తటి నూలు. ఆస్పత్రి వరండాలోనే కూర్చుని అల్లాను, కొలతకంటే కాస్త బిగువుగా, సాగుతుందని లెక్కేసుకుని. అల్లినంతసేపూ కొంచెం కొంచెంగా దారాన్ని రెప్పకు తాకించుకుంటూనే ఉన్నాను. వచ్చేపోయేవాళ్లు నేను ఏడుస్తున్నాననుకున్నారు. ఏడుస్తూ కూడా ఉన్నాను. ఉతికి ఆరేస్తే, సాయంత్రానికి పాప తలమీద టోపీ ఉంది. చెల్లికి పాలు ఆ తర్వాత పడ్డాయి, ఆలస్యంగానే అయినా పడ్డాయి.

ఇప్పుడు ఆ పిల్ల బడికి వెళ్తోంది. జుట్టు ఎంత ఒత్తుగా ఉంటుందంటే నా పిడికిట్లో జడ పట్టదు. నా భయం మాత్రం ఎక్కడికీ పోలేదు. ఈ మధ్య దాని బొమ్మకు చొక్కా అల్లుదామని కొత్త నూలు తెచ్చి పెట్టాను. నేను సూది వెతుక్కుంటుంటే అది ఉండ చేతిలోకి తీసుకుని, కళ్లు మూసుకుని, ముందు ఒక రెప్పకు, తర్వాత రెండో రెప్పకు ఆనించుకుంది. మా ఇంట్లో దారం చూడటమంటే అంతేనని అది అనుకుంటోంది.

"మండట్లేదు పెద్దమ్మా," అంది, "అల్లు."