పచ్చివి ఏ డబ్బాలోకి

"టీం" అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఇంజినీరింగ్ చివరి సంవత్సరమంతా ఆ ఒక్క మాటతోనే నా నోరు మూయించారు. టీం అన్నాక సర్దుకుపోవాలట, టీం అన్నాక నీది నాది అని ఉండదట. నాది లేకపోతే పోయింది, సరే. అతనిది మాత్రం ఎప్పుడూ ఉండేది.

అతను మా టీం లీడరు. బుచ్చిరెడ్డిపాలెంలో వాళ్ళకు రైసు మిల్లు ఉంది. మేం చదివింది రోబోటిక్స్, ఆటోమేషన్, నెల్లూరు దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో. ప్రాజెక్టు కోసం నలుగురు చొప్పున టీంలు వేశారు. మా దాంట్లో అతను, అతని రూమ్మేటు, స్లయిడ్లు అందంగా చేసే ఒక హాస్టల్ అమ్మాయి, నేను. మాది జువ్వలదిన్నె పక్కన సముద్రపు ఒడ్డు పల్లె. నాయన బోటు మీద పోతాడు, అమ్మ హార్బర్‌లో చేపలు అమ్ముతుంది.

ప్రాజెక్టు ఆలోచన నాది. బోటు దిగిన చేపల్ని మా ఆడవాళ్ళు వంగి కూర్చుని ఏరుతారు, మంచివి ఒక పక్కకి, చెడిపోతున్నవి ఇంకో పక్కకి. ఎండెక్కేసరికి మా అమ్మ నడుం పట్టుకుని గానీ లేవలేదు. ఆ ఏరే పనిని బెల్టు మీద ఒక కెమెరా, ఒక ఇనప చెయ్యి చేయలేవా అని క్లాసులో లేచి అడిగింది నేను. గైడు సారు "బాగుందమ్మా" అన్నారు కూడా. కొన్నాళ్ళకు చూస్తే అది లీడరు ఐడియా అయి కూర్చుంది. ఎలా అయిందో నన్నడక్కండి, నన్నెవరూ అడగలేదు.

పనులు పంచిన తీరు చెబుతాను వినండి. ఇనప చెయ్యిని నడిపే ప్రోగ్రాం అతనిది. మోటార్లు, బెల్టు రూమ్మేటువి. స్లయిడ్లు హాస్టల్ అమ్మాయివి. కెమెరా చేపను చూసి మంచిదో కాదో చెప్పే ప్రోగ్రాం నాది. అంతటితో ఆగిందా? చేపలు తేవడం, అయిపోయాక బెల్టు కడగడం కూడా నా నెత్తినే పడ్డాయి.

"నీకు అలవాటే కదా" అన్నాడు లీడరు.

అమ్మ వండిన పులుసు డబ్బాలో తీసుకెళ్తే లొట్టలేసుకుంటూ అడుగు దాకా ఊడ్చేవాళ్ళే ముగ్గురూ. అదే చేప బెల్టు మీద కనిపిస్తే ముక్కులు మూసుకుని కిటికీ దగ్గరికి పరిగెత్తేవాళ్ళు. ఐసుపెట్టె మోసుకుంటూ నేను ల్యాబులో అడుగుపెడితే "హార్బర్ వచ్చేసిందిరోయ్!" అని అరిచేవాడు రూమ్మేటు. హాస్టల్ అమ్మాయి నవ్వేసి, నవ్వలేదన్నట్టు ఫోను చూసుకునేది. ఆమె నవ్వే నాకు ఎక్కువ మండేది.

కెమెరాకు చేపల్ని చూపించి నేర్పించాలంటే ఫోటోలు కావాలి. పొద్దున్నే హార్బర్‌లో అమ్మ పక్కన కూర్చుని ఒక్కో కానాగంత చేపనూ ఫోటో తీసేదాన్ని.

"చేపలకు ఫోటోలేంది మే, పెళ్ళిచూపులకా?" అని ఎగతాళి చేసేది అమ్మ. కాసేపటికి తనే చేపను తిప్పి చూపించేది. "కన్ను చూడు పాపా. మెరస్తా ఉంటే పచ్చిది. మబ్బు పట్టి లోపలికి పోయిందా, అది మెత్త. దాన్ని పారేసేదే."

మా ఒడ్డు మీద ఆ రెండే మాటలు. పచ్చి చేప అంటే నీళ్ళలోంచి అప్పుడే వచ్చిన తాజా చేప. మెత్త అంటే వేలితో నొక్కితే గుంట పడేది, వాసన మొదలైనది. మా ఊళ్ళో చంటిపిల్లను లేపి అడిగినా ఏది ఏ గంపలోకో చెబుతుంది.

కెమెరా మెల్లగా నేర్చుకుంది. మొదట్లో అన్నింటినీ మంచివే అంది, తర్వాత అన్నింటినీ చెడ్డవే అంది, ఏడిపించి ఏడిపించి చివరికి దారికొచ్చింది. నా ప్రోగ్రాం, అతని ప్రోగ్రాం కలిసి నడిచేది మాత్రం అతని ల్యాప్‌టాప్‌లో. దాని దగ్గరికి నన్ను రానిచ్చేవాడు కాదు. ఏదైనా సరిచేద్దామని కుర్చీ దాకా వెళ్తే తలెత్తకుండానే "జరుగు" అనేవాడు. పేరు పెట్టి పిలవడు, ఎందుకొచ్చావని అడగడు. జరుగు, అంతే.

మొదటి రివ్యూలో లేచి "నేను చేసిన కెమెరా మాడ్యూల్" అని మొదలుపెట్టాడు. నా చెవుల్ని నేనే నమ్మలేదు. బయటికి రాగానే పట్టుకున్నాను.

"అది నేను చేసినాను కదా, నీదంటావేంది?"

"ఎవురో ఒకరు చెప్పాల కదా. టీం అన్నాక నీది నాది ఏంది?"

నేరుగా గైడు సారు దగ్గరికి పోయాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ విన్నారు. "సర్దుకుపోవాలమ్మా. నీకు టీం స్పిరిట్ కొంచెం తక్కువ" అన్నారు. తుడిచిన కళ్ళజోడు పెట్టుకుని పేపర్లు దిద్దుకోవడంలో పడ్డారు.

ఇదంతా కూడా మింగేదాన్నేమో. అప్పుడొచ్చింది ఆ ఉద్యోగం కబురు. చేపల కంపెనీ నడిపే ఒక పెద్దాయన చివరి రివ్యూకి వస్తున్నాడు. హార్బర్ దగ్గర కొత్తగా కడుతున్న యూనిట్లో మెషీన్లు చూసుకోవడానికి మా టీంలో ఒక్కరిని తీసుకుంటానన్నాడు. మా ఇంటి నుంచి బస్సెక్కితే దిగేంత దూరం. నేను చేసిన మెషీను మా అమ్మ వంగి ఏరే చోట నిలబడుతుంది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, అంతగా నేను ఇంకేదీ కోరుకోలేదు.

లీడరు తన పేరు ఇచ్చేశాడు.

"మీకు మిల్లుండాది కదా. నీకెందుకు అది?" అని అడిగాను.

"మిల్లు యాడికీ పోదులే. లీడరు పేరే ఇయ్యాల, రూలు."

అలాంటి రూలు లేదు. అడిగితే సారు ఉందని కానీ లేదని కానీ అనలేదు.

రివ్యూ రోజు పొద్దున హాల్లో మెషీను బిగిస్తుంటే అతనికి ఒక ముచ్చట పుట్టింది. అప్పటిదాకా చేప మంచిదైతే స్క్రీన్ మీద ఒకటి అని, చెడ్డదైతే రెండు అని పడేది. ల్యాబులో ఆ అంకెలతో అంతా సరిగ్గానే నడిచింది. "వచ్చేది మనోళ్ళే. ఒకటి, రెండు అంటే వాళ్ళకేం తెలస్తాది? తెలుగులో పేర్లు పెట్టు" అన్నాడు. నేను పెట్టాను, పచ్చి, మెత్త. ఇక అతని ప్రోగ్రాంలో ఏ పేరు వస్తే చెయ్యి ఏ డబ్బాలోకి తోయాలో రాయాలి. ఐసు వేసిన తెల్ల డబ్బా మంచివాటికి, ఎర్ర డబ్బా పారేసేవాటికి.

చెబుదామని వెళ్ళాను. "నేను రాసుకుంటాలే, జరుగు" అన్నాడు.

"చేపలు పెట్టి ఒకసారి చూద్దాం."

"ఏసీ హాలు ఇది. కంపు కొడతాది. సారోళ్ళు వచ్చినాకే పెడదాం."

ఖాళీ బెల్టును ఒక తిప్పు తిప్పి, లైట్లు వెలిగాయని చూసుకుని, చొక్కా సర్దుకున్నాడు.

హాలు నిండింది. పెద్దాయన తెల్లచొక్కాలో ముందు వరుసలో కూర్చున్నాడు. లీడరు మైకు పట్టుకుని గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. "చేప కన్ను చూసి అది తాజాదో కాదో కనిపెట్టే ఈ కెమెరా మాడ్యూల్ మొత్తం నేనే డెవలప్ చేశాను సార్." నేను ఐసుపెట్టె పక్కన తడి చేతులతో నిలబడి పళ్ళు నూరుకున్నాను.

అతను సైగ చేశాడు. పొద్దున్నే తెచ్చిన కానాగంతను బెల్టు మీద పెట్టాను. స్క్రీన్ మీద "పచ్చి" అని పడింది. ఇనప చెయ్యి దర్జాగా వచ్చి దాన్ని ఎర్ర డబ్బాలోకి తోసేసింది. ముందురోజు నుంచి కావాలనే బయట ఉంచిన చేపను పెట్టాను. "మెత్త" అని పడింది. చెయ్యి దాన్ని భద్రంగా తెల్ల డబ్బాలో, ఐసు మీద పడుకోబెట్టింది.

పెద్దాయన లేచి నిలబడ్డాడు. "ఏంది నాయనా ఇది? పచ్చి చేపను పారేసి కుళ్ళిందాన్ని ఐసులో దాస్తా ఉండాది!"

హాలంతా గొల్లున నవ్వింది. నాకు మాత్రం అప్పుడే అర్థమైంది. అతను మిల్లులో పెరిగినవాడు. పచ్చి అంటే అతనికి ఆరని వడ్లు, వెనక్కి పంపేసే సరుకు. మెత్త అంటే మెత్తటి అన్నం, మెచ్చుకుని తినేది. ఒక్క మాట, ఒకే ఒక్క మాట నన్ను అడిగుంటే చెప్పేదాన్ని. నన్ను అడగడం అతనికి నామోషీ.

అతని మొహం మాడిపోయింది. అటూ ఇటూ చూసి నా మీదికి వేలు చాపాడు.

"పేర్లు పెట్టింది నేను కాదు సార్. ఆ అమ్మాయి. కెమెరా పని మొదట్నించీ ఆమెదే. నాకేం సంబంధం లేదు సార్!"

"అవును సార్, మొత్తం ఆమే చేసినాది" అన్నాడు రూమ్మేటు. హాస్టల్ అమ్మాయి కూడా గబగబా తలూపింది.

పెద్దాయన ముగ్గురినీ ఎగాదిగా చూశాడు. "కెమెరా సరిగ్గానే చెప్పింది కదా. పచ్చిదాన్ని పచ్చి అనింది, మెత్తదాన్ని మెత్త అనింది. తప్పు తోసింది చెయ్యి. అయినా ఆ కెమెరా పని ఇందాక నువ్వే చేసినానంటివే?"

లీడరు పోయి ల్యాప్‌టాప్ ముందు కుర్చీలో కూర్చుని ఏవో మీటలు నొక్కసాగాడు. "టీం వర్కు సార్..." అని గైడు సారు దగ్గారు. పెద్దాయన ఆయన వైపు చూడను కూడా లేదు.

"పాపా, దీన్ని సరిచేస్తావా?" అని నన్నడిగాడు.

వెళ్ళాను. చేతులు తుడుచుకోలేదు. కావాలనే తుడుచుకోలేదు, చేప వాసన అంతా అలాగే ఉంచుకుని అతని కుర్చీ పక్కన నిలబడ్డాను. అతను ఇంకా ల్యాప్‌టాప్ ముందే ఉన్నాడు.

"జరుగు" అన్నాను.

జరిగాడు. రెండు పేర్లనూ అటుదిటు, ఇటుదటు చేసి, చేపల్ని మళ్ళీ పెట్టాను. పచ్చిది ఐసులోకి, మెత్తది ఎర్ర డబ్బాలోకి పోయాయి. ఎవరో చప్పట్లు కొట్టారు. నా కడుపు చల్లబడింది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఉద్యోగం నాకే వచ్చింది. ఆ ముగ్గురూ మాత్రం ఊరుకోలేదు. టీంలో ఒకరికొకరు మార్కులు వేసుకునే పద్ధతి ఒకటి ఉండేది. గైడు సారు నన్ను రూముకి పిలిచి, చాలా బాధపడుతున్నట్టు మొహం పెట్టారు.

"ముగ్గురూ నీకు అందరికంటే తక్కువ వేసినారమ్మా. నీకు టీం స్పిరిట్ లేదంట. ఎవురితోనూ కలిసి పనిచెయ్యలేదంట."

"నిజమే సార్" అన్నాను. "మొత్తం నేనే చేసినానని ఆ రోజు అందరి ముందర వాళ్ళే చెప్పినారు కదా."