పిడికెడు బియ్యం

వండేముందు పిడికెడు బియ్యం తీసి పక్కన పెడుతుంటే ఇప్పటికీ నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది.

అప్పుడు నాకు ఎనిమిదేళ్ల మూడు నెలలు. మా ఊరు హంసలదీవిలో నాన్న జ్వరంతో పడి పదకొండు రోజులు సముద్రం మీద చేపల వేటకు వెళ్లలేదు. అయినా అమ్మ పూటపూటకూ, పేదల కోసం చర్చికిచ్చే సంచిలో పిడికెడు వేసేది.

“మనకే చాలట్లేదు కదమ్మా!”

“మనకన్నా లేనోళ్లుంటారే. క్రైస్తవులం, ఆ మాత్రం చెయ్యొద్దూ?”

క్రైస్తవులంటే ఆకలితో ఉండాల్సిన వాళ్లనుకున్నాను. అమ్మ చూడకుండా సంచిలోంచి మూడు పిడికిళ్లు తీసి తిరిగి మా బియ్యం డబ్బాలో పోశాను.

ఆదివారం చర్చిలో అందరి బియ్యం కలిపి మూట కట్టారు. సాయంత్రం పాస్టరుగారు ఆ మూట మా గుమ్మంలోనే దించారు.

“ఈ వారం మీకేనమ్మా.”

అమ్మ మూటను రెండు చేతులతో పుచ్చుకుంది. పొయ్యి వెలిగించి, ఆ మూటలోంచే మొదటి పిడికెడు తీసి సంచిలో వేసింది.

నా మూడు పిడికిళ్ల సంగతి అమ్మ పోయేదాకా చెప్పలేకపోయాను.