గీత అవతలి పురుడు

టప్. టప్. బతుకు కథ అడగవచ్చిన మనిషికి ముందు కాయలు పగిలే చప్పుడు వినిపిస్తుంది. తర్వాతే తిప్పమ్మ కనిపిస్తుంది, చేట ముందు కాళ్లు చాపుకుని, శెనక్కాయలు ఒలుస్తూ. మరలో వేస్తే గింజ చిట్లుతుందని కొత్తచెరువు దగ్గరి ఆ పల్లెలో విత్తనం ఇప్పటికీ చేత్తోనే ఒలుస్తారు.

ఎదురుగా కోడలు వనజాక్షి. ఏడో నెల. చీనీకాయల, అంటే బత్తాయిల, లారీ తోలుకుని కాకినాడ పోయిన కొడుకు ఓబులేష్, ఆ పక్కనే యానాంలో మనసుపడి చేసుకొచ్చిన పిల్ల. తొలికాన్పుకు పుట్టింటికి పోతానని అడిగింది. తిప్పమ్మ ఇంకో దోసెడు కాయలు చేటలో పోసుకుంది.

“మీ ఊరు యాడుండాదో మళ్లా చెప్పు.”

వనజాక్షి గింజలు కుప్ప చేసి నడుమ ఒక్క కాయ గుచ్చింది. “గింజలన్నీ ఆంధ్రానండి. కాయ మా యానాం. పక్కనే గోదారి, కాస్త దిగితే సముద్రం. ఒకప్పుడు ఫ్రెంచివాళ్లది, ఇప్పుడు పుదుచ్చేరి కింద ఉందండి.”

“ఆ పుదుచ్చేరి యాడ?”

కోడలి వేలు చేట దాటి, గడప దాటి, ఎండలో పడుకున్న మేకను చూపించింది. “అక్కడండి. మా ఎమ్మెల్యే అసెంబ్లీకి అంత దూరం వెళ్లాలి.”

“మరి మీది అరవమా?”

“తెలుగేనండి!”

“ఇది తెలుగా! ఇన్నాళ్లూ పాట పాడతాండావనుకుంటి.” నవ్వు ఆగాక అసలు భయం బయటపడింది. “ఆడ పుడితే నా మనవడు ఆ రాజ్యమోడైపోడా?”

“మా వీధిలో సగంమంది కాన్పుకి కాకినాడ వెళ్తారండి. బిడ్డనెత్తుకుని మళ్లీ మా ఊరే వస్తారు. పురిటికి సరిహద్దు గీత ఏంటండీ, అత్తయ్యగారూ?”

తిప్పమ్మ చేతిలో కాయ పగల్లేదు. ఆమె పుట్టింది పావగడ పక్క పల్లెలో. అది కర్ణాటక, మూడు దిక్కులా ఆంధ్రా. వాళ్లమ్మ ఆంధ్రా బావిలో నీళ్లు చేది, కర్ణాటక పొయ్యి మీద సంగటి కెలికేది. ఓబులేష్ కడుపులో ఉన్నప్పుడు, “ఆడ పుడితే కన్నడోడైపోతాడు” అని తన అత్త పుట్టింటికి పంపలేదు. నొప్పులప్పుడు తిప్పమ్మ అమ్మా అమ్మా అని అరిచింది. ఆ అమ్మ గీత అవతల, ఏమీ తెలియక, రాగులు చెరుగుతూ ఉండిపోయింది.

“బట్టలు సర్దుకోపో,” అంది తిప్పమ్మ. కాసేపటికి తన చీరలు కూడా మూటగట్టింది.

ధర్మవరం స్టేషన్లో రైలు కదులుతుండగా, కథ అడగవచ్చి, సాగనంపడానికీ వచ్చిన ఆ మనిషిని కిటికీలోంచి కేకేసింది.

“కాన్పయ్యేదాకా నేనూ ఆణ్నే ఉంటానప్పా. ఆ గీత దుమ్ములో కనపడతాదో లేదో, సముద్రం నిజంగా ఉప్పగుంటాదో లేదో, చూసొచ్చి చెప్తాలే!”