సత్తిరాజు గారి స్లైడర్ ఫోను

అది 2009. రావులపాలెం బస్టాండు ఎదురు సందులో నా సెల్ రిపేరు కొట్టు ఉండేది. కొట్టంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక బల్ల, ఒక టేబుల్ ఫ్యాను, సోల్డరింగ్ ఐరన్, భూతద్దం బిగించిన దీపం, వాటి వెనకాల నేను. ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదివి, మొదట్లో రేడియోలు, టీవీలు బాగుచేసి, సెల్‌ఫోన్లు రాగానే వాటిలోకి దిగాను. వచ్చినవాళ్ళు నా తలమీదుగా లోపలికి తొంగిచూసి "మెకానిక్ లేరాండీ?" అని అడిగేవారు. "ఉన్నారండి, మీతోనే మాట్లాడుతున్నారు" అనేదాన్ని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఇప్పటికీ అంతే.

ఆ ఏడాది మా ఊళ్ళో ఒక రకం ఫోను తెగ తిరిగింది. పైన టచ్ స్క్రీన్ ఉంటుంది. దాన్ని పక్కకి తోస్తే అడుగునుంచి కంప్యూటర్‌కి ఉన్నట్టు అక్షరానికో బటన్ చొప్పున కీబోర్డు బయటికొస్తుంది. స్లైడర్ అనేవాళ్ళం. అది కొన్నవాళ్ళలో ఇద్దరు ఒక మాట మీద ఉంటే ఒట్టు. బీమా ఏజెంటొకాయన "పార్టీ ముందు టక్కుమని తెరిస్తే చాలండీ, సగం పాలసీ అయిపోయినట్టే" అని మురిసిపోయేవాడు. ఇంకొకాయన "ఫోనాండీ ఇది? ఇటుకరాయి. చొక్కా జేబు సాగిపోతోంది" అని గోలపెట్టేవాడు. కాలేజీలో కామర్స్ చెప్పే ప్రసాద్ గారైతే కొన్న వారానికే తిట్టడం మొదలుపెట్టారు. "వేలితో తాకితే పనైపోతుంటే మళ్ళీ ఈ బటన్లెందుకమ్మా? మేడకి లిఫ్టు పెట్టి పక్కనే నిచ్చెన వేసినట్టుంది!"

నాకు తెలిసి ఆ ఫోనుకి ఉన్న అసలు రోగం ఫ్లెక్స్. స్క్రీనున్న పై భాగాన్నీ బటన్లున్న కింది భాగాన్నీ కలిపే పల్చటి పట్టీ అది. సినిమా రీలు ముక్కలా ఉంటుంది, లోపల వెంట్రుకకన్నా సన్నటి రాగి గీతలుంటాయి. ఫోను తెరిస్తే మడత విప్పుకుంటుంది, మూస్తే మడుచుకుంటుంది. అది తెగిందా, ఫోనుకి పక్షవాతం వచ్చినట్టే.

అలాంటి పక్షవాతం ఫోను పట్టుకుని ఒకరోజు సత్తిరాజు గారు వచ్చారు. ఆయన మా అరటి గెలల మార్కెట్లో కమీషన్ కొట్టు నడిపేవారు. సైకిళ్ళకి రెండు పక్కలా గెలలు కట్టుకుని రైతులు వస్తే, ధర చెప్పి, కొని, దూరపు ఊళ్ళ వ్యాపారులకి లారీల్లో పంపడం ఆయన పని. ఒకప్పుడు ఆయన ధర కేకేస్తే గోదావరి వంతెన మీద లారీ డ్రైవరుకి వినపడుతుందని జోకులేసుకునేవారు. అలాంటి మనిషికి గొంతులో రాచపుండు లేచింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. మెడ దగ్గర ఊపిరికోసం పెట్టిన రంధ్రాన్ని కండువాతో కప్పుకుని తిరిగేవారు. నోట మాట లేదు.

మొదట పలక పట్టుకున్నారట. రైతులు ఎదుట నిలబడి ఉంటే సుద్దముక్కతో రాయడం, తుడవడం. బడిపిల్లాడిలా ఉందని దాన్ని అటక మీద పారేశారు. పైగా ఒడిశాలో ఉన్న వ్యాపారికి పలకెలా చూపిస్తారు? మామూలు ఫోన్లో ఒక్కో అక్షరానికి మూడేసి సార్లు నొక్కేసరికి రైతు సైకిలు తిప్పుకుపోయేవాడు. ఉత్త టచ్ ఫోను మీద అరటి జిగురు పట్టి మొద్దుబారిన ఆ వేళ్ళు పడితే ఒకటి నొక్కితే ఇంకోటి పడేది. ఈ స్లైడర్ దొరికాక మనిషి లేచి నిలబడ్డాడు. రెండు బొటనవేళ్ళతో టకటకా కొట్టి రైతుకి చూపించేవారు, వ్యాపారులకి మెసేజీ పంపేవారు. ఇంగ్లీషు అక్షరాల్లో మన తెలుగే, రైతులకి చూపించేది చాలావరకు ధర అంకెలే.

నేను ఫ్లెక్స్ మార్చి ఇచ్చాను. నాలుగు రోజులు తిరక్కుండానే మళ్ళీ వచ్చారు. స్క్రీన్ మినుకుమినుకుమంటోంది, బటన్లు సగం పలకడం లేదు. విప్పి చూస్తే స్క్రీన్ జారే సన్నటి పట్టాల్లో నల్లగా, గట్టిగా ఏదో పేరుకుని ఉంది. అరటి జిగురే అనుకున్నాను. అది బట్టకి అంటితేనే వదలదు కదా.

"చేతులు కడుక్కుని ముట్టుకోండి బాబాయ్ గారూ" అని చెప్పి ఇంకో ఫ్లెక్స్ వేశాను. పాపం, ఆయన కిరసనాయిలు పెట్టి మరీ వేళ్ళు తోముకునేవారట. అయినా మళ్ళీ అదే కథ. ఈసారి నాకు ఒళ్ళు మండింది.

"అసలు దీన్ని ఏం చేస్తున్నారండీ మీరు? గెలలు కోస్తున్నారా దీంతో?"

ఆయన వణికే స్క్రీన్ మీద ఓపిగ్గా కొట్టి చూపించారు. "ఏమీ చెయ్యట్లేదమ్మాయ్."

విజయవాడలో పార్టులమ్మేవాడికి ఫోన్ చేస్తే, ఆ మోడల్ ఆగిపోయింది, ఫ్లెక్సులు ఇక రావన్నాడు. ఆ మాట చెప్పేసరికి సత్తిరాజు గారి మొహం చిన్నబోయింది. అప్పుడు బయటపడింది అసలు బెంగ. ఆయన తమ్ముడు సూర్యం కొట్టు తన చేతికిమ్మంటున్నాడు. శ్రావణ మాసం వస్తోంది, ఇంటింటా నోములు, గెలలకి ఏడాదిలోకెల్లా గిరాకీ. ఆ హడావుడిలో మాట లేని మనిషి నెగ్గుకురాలేడని తమ్ముడి వాదన. "శ్రావణం లోపల ఫోను సరిగ్గా పనిచెయ్యకపోతే నేను ఇంట్లో కూర్చోవాలి" అని ఆయన కొట్టి చూపించారు. కోపం ఆయన మీంచి ఆ నల్లటి మడ్డి మీదకి మళ్ళింది.

"ఫోను ఇలాగే పట్టుకెళ్ళండి. రేపు పొద్దున్న నేనే మీ కొట్టుకొస్తాను. మీరు రోజూ ఎలా వాడతారో అలాగే వాడండి, నేను చూస్తాను" అన్నాను.

మర్నాడు నేను వెళ్ళేసరికి కర్పూర, చక్కెరకేళి గెలలు అరుగు మీద వరసగా ఆనించి ఉన్నాయి. రైతులు సైకిళ్ళు పట్టుకుని నిలబడ్డారు. సత్తిరాజు గారి భార్య వెంకాయమ్మ గారు గంధం గిన్నె, కుంకుమ భరిణె పట్టుకుని వచ్చారు. గల్లాపెట్టెకి బొట్టు పెట్టారు, అగరొత్తి తిప్పారు. తరవాత ఫోను చేతిలోకి తీసుకుని, జాగ్రత్తగా స్క్రీన్ పక్కకి తోసి, సరిగ్గా ఆ పట్టాల సందులో వేలెడు తడి గంధం రాసి, దాని మీద కుంకుమ అద్దారు.

"అమ్మో! ఆగండాగండి!" అని అరిచాను.

"ఏంటమ్మా, ఏమైంది?"

"రోజూ అక్కడే పెడతారా?"

"ఇంకెక్కడ పెడతానమ్మా? బోణీకి ముందు గల్లాపెట్టెకి, దీనికి. ఇప్పుడు ఆయన గొంతు ఇదే కదా! మూసిపెట్టి పైన పెడితే నోరు మూసినట్టుంటుందని తెరిచి లోపల పెడతాను. నాలుగు రోజులుగా దానికి ఒంట్లో బాలేదు కదా, కాస్త ఎక్కువే పెడుతున్నాను."

అదీ సంగతి! గంధం ఆరి, కుంకుమతో, జిగురుతో కలిసి రాయిలా గట్టిపడుతోంది. తెరిచి మూసినప్పుడల్లా ఫ్లెక్స్ దాని మీద ఒరుసుకుంటోంది. ఫోనుకి జబ్బు ముదిరినకొద్దీ మందనుకుని ఆవిడ ఇంకాస్త రాస్తున్నారు. సత్తిరాజు గారు ఏమీ చెయ్యట్లేదన్నది నిజమే. భార్య బొట్టు పెట్టడం ఆయన లెక్కలో ఫోనుని ఏదో చెయ్యడం కిందికి రాదు.

నేను విడమరిచి చెప్పేసరికి వెంకాయమ్మ గారు గంధం గిన్నె అరుగు మీద పెట్టేశారు. "అయితే ఆయన గొంతు రెండోసారి నేనే కోసేశానన్నమాట" అన్నారు. సత్తిరాజు గారు లేచొచ్చి ఆవిడ భుజం మీద చెయ్యి వేశారు.

అప్పటిదాకా గెలలు సర్దుతున్న సూర్యం దగ్గరికొచ్చాడు. చెడ్డవాడేం కాదు, అన్న అవస్థ చూడలేకే అన్నాడేమో. "ఇంక ఈ యాతన ఎందుకన్నయ్యా? ఇంట్లో కూర్చో. నేను చూసుకుంటాను కదా."

సత్తిరాజు గారు ఫోను తీసుకున్నారు. బటన్లు ఒకటి పలికితే రెండు పలకడం లేదు. నొక్కినదే మళ్ళీ నొక్కారు, చెరిపారు, మళ్ళీ నొక్కారు. రైతులందరూ అలాగే చూస్తూ నిలబడ్డారు. ఎంతసేపటికో ఒక్క మాట తయారైంది. తమ్ముడి మొహానికి ఎదురుగా పెట్టారు.

"కూర్చోను."

ఫ్లెక్స్ భూమ్మీద ఎక్కడున్నా సరే, తెచ్చి తీరాలనుకున్నాను.

తిన్నగా ప్రసాద్ గారింటికి వెళ్ళాను. ఆయన తన స్లైడర్ని తిట్టి తిట్టి బీరువాలో పడేశారని నాకు తెలుసు.

"ఆ నిచ్చెన ఫోనా? దేనికమ్మా?"

చెప్పాను. దాన్ని విప్పి ఫ్లెక్స్ తీస్తే ఇక అది పనికిరాదని కూడా చెప్పాను. ఆయన కాసేపు గడ్డం గోక్కున్నారు.

"సత్తిరాజు గారికా? మా పెళ్ళిపందిరికి గెలలు ఆయనే దగ్గరుండి కట్టించారు. పట్టుకుపో. కానీ అమ్మాజీ, ఆ ఫోను మంచిదని మాత్రం నాచేత అనిపించకు."

"అనక్కర్లేదండి, ఇస్తే చాలు" అని లాక్కున్నంత పని చేశాను.

ఆ మధ్యాహ్నం మొగుడూ పెళ్ళాలిద్దరూ నా కొట్టు ముందు బెంచీ మీద కూర్చున్నారు. మరలు ఎగిరిపోతాయని ఫ్యాను కట్టేశాను, చెమట మొహం మీంచి కారుతోంది. ఆయన ఫోను పట్టాల్లోని మడ్డిని స్పిరిట్‌తో నానబెట్టి, చీపురు పుల్లతో గీకి, బ్రష్షుతో దులిపాను. తరవాత ప్రసాద్ గారి ఫోను విప్పి ఫ్లెక్స్ ఊడదీశాను. ఉన్నది అదొక్కటే, చిరిగితే ఇంకోటి లేదు. దాన్ని సత్తిరాజు గారి ఫోన్లో పెట్టి కనెక్టర్ నొక్కాను. కనెక్టర్ అంటే ఫ్లెక్స్ చివర బోర్డుకి అతుక్కునే చిన్న బటన్ లాంటిది. అది చప్పుడు చేసి కూర్చునేదాకా నేను ఊపిరి పీల్చలేదు. మరలు బిగించి ఆన్ చేశాను. స్క్రీన్ వెలిగింది. తోశాను, మూశాను, మళ్ళీ తోశాను. బటన్లన్నీ పలికాయి.

సత్తిరాజు గారు అందుకుని కొట్టిన మొదటి మాట నాకు కాదు, వెంకాయమ్మ గారికి. "ఏడవకు."

"బొట్టు మానమని చెప్పకమ్మా. మానమన్నా మానను" అన్నారావిడ కళ్ళు తుడుచుకుంటూ.

"మానకండి. చోటు మార్చండి చాలు" అని సొరుగులోంచి తోలు పౌచ్ ఒకటి తీసిచ్చాను. "మీ ఇష్టమొచ్చినంత గంధం దీనికి రాసుకోండి, ఫోను బయటికి తీశాక."

ఆ ఫోను తరవాత చాలాకాలం నడిచింది. ఒకే జబ్బుతో తిరిగి తిరిగి వచ్చే ఫోనుని ఇప్పుడు నేను వెంటనే విప్పను. ముందు అది బతికే చోటుకి వెళ్ళి, అక్కడ దాన్ని ఎవరెవరు ముట్టుకుంటారో చూస్తాను. ఫలానా ఫోను మంచిదేనా అని ఎవరైనా అడిగితే, ఎవరి చేతికి అని ఎదురడుగుతాను. నన్నడిగినవాళ్ళకి చిరాకొస్తుంది, రానివ్వండి.

శ్రావణంలో మొదటి శుక్రవారానికి గెల తెచ్చుకుందామని ముందురోజు మార్కెట్‌కి వెళ్ళాను. సైకిళ్ళతో దారి లేదు. సూర్యం లారీ ఎక్కిస్తున్నాడు. అరుగు మీద సత్తిరాజు గారు, గంధం పూసిన పౌచ్ మెళ్ళో వేలాడుతుంటే, ఒక ముసలి రైతుతో బేరంలో ఉన్నారు. టకటకా కొట్టడం, చూపించడం, ఆ రైతు చదివేలోపే లాక్కుని మళ్ళీ కొట్టడం. పెద్దాయన విసుక్కుని జేబులో కళ్ళజోడు కోసం తడుముకున్నాడు.

"అబ్బబ్బ, కాస్త నిదానంగా మాట్లాడండి సత్తిరాజు గారూ! ఎదటివాణ్ణి కూడా ఓ మాట అననివ్వరేంటండీ?"