మూతమ్మ వేలు

ల్యాబులో ఆమెను అందరూ మూతమ్మ అనేవారు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు గానీ, ఆ సంగతి ఆమెకు తెలియకపోలేదు. సీసాకు మూత, డబ్బాకు మూత, తాగి పెట్టిన నీళ్ళ గ్లాసుకు కూడా మూత. తెరిచి ఉన్నదేదైనా కంటపడితే ప్రాణం ఒప్పేది కాదు. మొగుడు ఆవలించినా ఊరుకోదట అని ల్యాబులో ఒక జోకు తిరిగేది. దాన్ని పుట్టించింది ఎవరో కాదు, సొంత ఆడపడుచే.

ఆ ఆడపడుచును అక్కడికి తెచ్చింది కూడా మూతమ్మే. ఆమె కాపురానికి వచ్చేనాటికి అది ఇంకా బడికి పోయే పిల్ల. తల్లి లేదు. జడలు వేసింది, ఎక్కాలు చెప్పింది, కసిరి చదివించింది, చివరికి తన పక్క బల్ల దగ్గరే పరిశోధనకు కుదిర్చింది. పిల్లకు వదినంటే భయం ఉంది, అంతకు మించి చనువూ ఉంది.

వాళ్ళు పనిచేసేది ఒక బాక్టీరియా విషంతో. ఎవరినో చంపడానికి కాదు, చూడటానికి. కణానికి బయట నుంచి ఒక కబురు అందితే, లోపల దాన్ని ఒకరి చేతి నుంచి ఒకరు అందుకుని ముందుకు పంపే గొలుసు ఉంటుంది. ఏ కబురు ఏ దారిన పోతోందో తెలియాలంటే, ఆ గొలుసులో ఒక లంకె తెంపి ఏది ఆగిపోయిందో చూడాలి. అంత సన్నని లంకెను తెంపే పనిముట్టు ఆ బాక్టీరియా దగ్గర ఉంది. దాని విషం రెండు ముక్కలు. ఒకటి కణం తలుపు తీస్తుంది, రెండోది లోపలికి దూరి లంకె తెంపుతుంది. మొదటిదాన్ని తాళంచెవి అనీ, రెండోదాన్ని కత్తెర అనీ ల్యాబులో పిలుచుకునేవారు. విడివిడిగా చూస్తే రెండూ నోట్లో వేలు పెట్టినా కొరకలేని అమాయకులే. కలిస్తేనే కొంప మునుగుతుంది. అందుకే తాళంచెవి పెట్టె వదినది, కత్తెర పెట్టె ఆడపడుచుది. ఒకరి పెట్టె ఒకరు ముట్టుకోకూడదన్నది ఆ గది కట్టుబాటు.

వాడిన సూదికి మళ్ళీ మూత పెట్టకూడదన్నది ఇంకో కట్టుబాటు. ఉన్నదున్నట్టు సూదుల డబ్బాలో పడేయాలి. కొత్తగా చేరినవాళ్ళకు ఆ మాట నూరిపోసేది మూతమ్మే. కానీ అలవాటు పడిన చెయ్యి ఎవరి మాట వింటుంది? ఒకనాటి మధ్యాహ్నం ఏదో ఆలోచనలో ఉండి, తాళంచెవి ఎక్కించిన సూదికి మూత పెట్టబోయింది. మూత పక్కకు జారింది. సూది ఎడమ చూపుడువేల్లో దిగింది.

రక్తం పిండేసి, సబ్బుతో కడిగి, తాళంచెవేగా అనుకుంది. ల్యాబు నడిపే పెద్దాయనకు చెబితే గది మూసేస్తారు. గది మూస్తే పిల్ల పెంచుతున్న కణాలు చచ్చిపోతాయి. అప్పటికే ఆలస్యమైన పని, ఈ వారంలో ఫలితం చూపించకపోతే పిల్ల చోటు ఇంకొకరికి పోతుంది. ఆ చోటు కోసం తను ఎంతమంది చుట్టూ తిరిగిందో తనకే తెలుసు. అందుకని ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు కత్తెర ఉన్న గాజు గొట్టం ఒకటి, గిర్రున తిప్పే యంత్రంలో పగిలింది. పిల్ల బిక్కచచ్చిపోయింది. చేతులు వణుకుతున్నాయి, అవతలికి పో అని దాన్ని నెట్టి మూతమ్మే తుడవడానికి దిగింది. కట్టుబాటు గుర్తులేక కాదు. ఆ వణికే చేతులను గాజుముక్కల మధ్యకు పంపడానికి మనసు రాలేదు, అంతే. ఒక ముక్క ఆమె గ్లౌజును కోసింది. లోపల నిన్నటి గాయం దగ్గర చల్లగా తడి తగిలింది. నిన్నటి తాళంచెవి ఇంకా ఉంటుందా, ఈపాటికి పోయి ఉంటుందిలే అని తనకు తనే సర్దిచెప్పుకుంది.

ఆ తర్వాత వేలు ఉబ్బింది. దాని మీద నల్లగా చిన్న మచ్చ లేచింది. నొప్పి మాత్రం లేదు. ఆ ఒక్క ధైర్యంతోనే ప్లాస్టరు చుట్టుకుని పనికి వెళ్ళింది, వచ్చింది. ప్రమాదమైతే నొప్పి పుట్టదా అనుకుంది. కబురు ఆగిపోయిన కణాలను ఇన్నేళ్ళుగా చూస్తున్న మనిషికి నొప్పీ ఒక కబురేనన్న సంగతి తట్టలేదంటే నేను నమ్మను. తట్టకుండా చూసుకుందంతే.

ఒక సాయంత్రం వంటింట్లో పిల్ల కూరగాయలు తరుగుతోంది. మూతమ్మ పొయ్యి మీది గిన్నె మూత ఎడమచేత్తో తీసి పట్టుకుని, కుడిచేత్తో గరిటె తిప్పుతూ, ఉల్లిపాయ ముక్కలు లావుగా ఉన్నాయని సణుగుతోంది. ప్లాస్టరు కమురు వాసన వచ్చింది. పిల్ల తలెత్తి చూసింది.

"వదినా, మూత కాలట్లేదా?"

మూతమ్మ తన చేతిని చూసుకుంది. స్టీలు మూత అంచు వేలికి అంటుకుపోయి ఉంది. చటుక్కున వదిలేసింది, కాలినందుకు కాదు, చూసినందుకు. పిల్ల ప్లాస్టరు ఊడదీసి, మచ్చ చూసింది. సూది సంగతి మూతమ్మే చెప్పింది. అంతా వినకముందే పిల్ల ఫోన్ అందుకుంది.

"ఆ ఫోన్ అక్కడ పెట్టు. రెండు రోజులు ఆగితే నీ పని అయిపోతుంది."

"పని పోతే పోయింది. అమ్మ లేదు, నువ్వు కూడా లేకపోతే నేనేం చెయ్యను?"

పెద్దాయన నంబరు నొక్కి, ఫోన్ చెవికి ఆనించుకుని, పిల్ల గొంతు తగ్గించి అడిగింది.

"స్పర్శ ఎంతవరకు తెలియట్లేదు?"

వేలు దాటి ఎంతవరకు పాకిందో మూతమ్మ ఎన్నడూ చూసుకోలేదు. అరచేతిలో గిల్లుకుంది. మణికట్టు దగ్గర, గోళ్ళు దిగేలా గిల్లుకుంది. పిల్ల కళ్ళు ఆమె మొహం మీదే ఉన్నాయి. అవతల పెద్దాయన ఫోన్ ఎత్తి హలో అంటున్నాడు. మూతమ్మ మోచేతి దగ్గర గిల్లుకుని, మళ్ళీ ఇంకా గట్టిగా గిల్లుకుని, తల అడ్డంగా ఊపింది.