లూప్ లైనులో గాజులు

మా అక్కకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ విశాఖపట్నంలో జరిగింది. పెద్ద జబ్బు వస్తే ఖరగ్‌పూర్ తెలుగువాళ్లం పక్కనున్న కలకత్తా వదిలి విశాఖ రైలెక్కుతాం. నొప్పిని తెలుగులో చెప్పుకుంటే సగం తగ్గుతుందని మా నమ్మకం. ఇంటికి పంపేటప్పుడు ఆసుపత్రి నర్సు అక్కను ఒక వాట్సాప్ గ్రూపులో చేర్చుతానంది. అందులో ఆడవాళ్లే ఉంటారు, సిగ్గుపడకుండా ఏదైనా అడగొచ్చు అని హామీ ఇచ్చి, ఫోన్ నంబరు చెప్పమంది. అక్క బావ నంబరు చెప్పింది.

అక్క దగ్గరున్నది మీటల ఫోను. అందులో వాట్సాప్ రాదు. బావ గూడ్సు బండి గార్డు. ఈమధ్య ఆ ఉద్యోగాన్ని ట్రెయిన్ మేనేజర్ అంటున్నారు. పేరు పెరిగింది గాని, ఊగిపోయే బ్రేక్‌వ్యాను అదే. బండి నడిచేటప్పుడు ఫోను ముట్టుకోకూడదు. కాబట్టి ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇవ్వడానికి బండిని లూప్ లైనులో పక్కకు నిలబెట్టినప్పుడల్లా ఆయన రొమ్ము క్యాన్సర్ పేషెంటు అయ్యేవాడు. "అద్దంలో చూసుకోవడానికి ఇబ్బందిగా ఉంటోందా అమ్మా?" అని నర్సు అడిగితే, బొగ్గు వ్యాగన్ల వెనకనుంచి "నో ప్రాబ్లం మేడం" అని జవాబు వెళ్లేది.

ఆయన ఒక్కడే అయితే సరిపెట్టుకునేదాన్ని. ఒకరోజు ఆ గ్రూపు తెరిచి చూస్తే, ఆడవాళ్ల పేర్ల పక్కన ఫొటోలన్నీ మీసాలే. ఒకాయన మోటార్‌సైకిల్ మీద, ఇంకొకాయన గుడి ముందు చేతులు కట్టుకుని. భయంగా ఉందా అంటే లేదు మేడం. నిద్ర పడుతోందా అంటే ఫుల్లుగా మేడం. ఈ జబ్బును ఇంత ధైర్యంగా ఎదుర్కొన్నవాళ్లు లోకంలో ఇంకెక్కడా ఉండరు. అంతకుముందే మా హేతువాద సభలో, స్త్రీ శరీరం మీద అధికారం స్త్రీదేనని నేను తీర్మానం పెట్టి నెగ్గించుకున్నాను. దానికి బావ కూడా చెయ్యెత్తాడు.

దసరా పూజలయిన తర్వాత ఒక మధ్యాహ్నం, నేనుండే ఇందా పేట నుంచి ఆటోలో అక్క క్వార్టర్‌కు వెళ్లాను. ఉక్కపోస్తున్నా కుడిచేతి మీద కొంగు నిండుగా కప్పుకుని, టీ ఎడమచేత్తో ఇచ్చింది. ఆపరేషన్ జరిగింది కుడివైపు. కొంగు లాగి చూశాను. చెయ్యి ఉబ్బి చర్మం నిగనిగలాడుతోంది. మట్టిగాజులు కండలోకి దిగి, మణికట్టు దగ్గర ఎర్రగా కందిపోయింది. ముట్టుకుంటే వేడిగా ఉంది.

"ఇది ఎప్పటినుంచి?"

"పూజల ముందు నుంచి."

"నర్సుకు చెప్పావా?"

"ఆ ఫోను ఆయన కాడుంటాది కదా."

"మరి బావకు?"

"ఆయనకి సెప్తే నర్సుకి సెప్తారు. ఆవిడ గాజులు తీసీమంటాది."

"తీసేస్తే ఏమవుతుందే?"

"ఆయన బండి మీద ఉన్నారే."

నాకు ఒళ్లు మండింది. గాజుకూ బండి బ్రేకుకూ సంబంధమేమిటో చెప్పమన్నాను. గాజులు వేసుకోని ఆడవాళ్ల మొగుళ్లూ ఇవే పట్టాల మీద బండ్లు నడిపి క్షేమంగా ఇంటికి రావడం లేదా అన్నాను. ఇంకా చాలా అన్నాను. అక్క ఓపిగ్గా వింది.

"అయిపోనాదేటి? టీ సల్లారిపోతంది. మిగిలింది మీ మీటింగులో సెప్పు, సప్పట్లు కొడతారు."

ఆసుపత్రి కాగితం మీదున్న నంబరుకు నా ఫోను నుంచే చేశాను. నర్సు సంగతి విని, నా నంబరును అక్క పేరుతో గ్రూపులో చేర్చి, రెండు చేతులూ పక్కపక్కన పెట్టి ఫొటో పంపమంది. ఆరోజు ఆమె అందరినీ చేతివాపు గురించే అడిగిందట. నేను ఫొటో పెట్టేసరికి, దాని పైనే బావ అప్పుడే పంపిన జవాబు కనిపించింది: "మాకు వాపు లేదు మేడం. ఆల్ ఓకే." దాని కింద ఆయన భార్య చెయ్యి.

నా ఫోను మోగింది. బావ అని చూసి, స్పీకరు పెట్టి అక్క ముందుంచాను.

"ఏటే ఆ సెయ్యి? నాకు సెప్పలేదేటి?"

"మీరే సెప్పినారు కదా, వాపు లేదని."

అంతలోనే గ్రూపులో నర్సు మాట వచ్చింది. ఎరుపూ వేడీ ఉన్నాయంటే లోపల చీము పట్టే ప్రమాదం ఉంది, గాజులు ఇప్పుడే తీసి ఈరోజే డాక్టరుకు చూపించండి, ఆలస్యం చేస్తే చేతికే ముప్పు అంది.

"ఆయన డ్యూటీ దిగినాక తీస్తాను," అంది అక్క.

నేను మళ్లీ నోరు తెరిచాను. ఈసారి బావ నాకంటే ముందే అందుకున్నాడు.

"బండి కదల్లేదే. లూప్‌లో ఎట్టీసినాడు. ముందు సిగ్నల్ ఎర్రగుంది. ఇప్పుడు తీసీయ్."

"నిజిమేనా?"

బావ వీడియో పెట్టాడు. పట్టాలు, పక్కన గడ్డి, దూరంగా ఎర్రదీపం. అక్క ఫోను దగ్గరికి తీసుకుని, స్టేషన్ మాస్టరులా పరీక్షగా చూసింది.

"ఎక్స్‌ప్రెస్ పోనాదా?"

"ఇంకా రాలేదు. నువ్వు కానీ."

ఎన్నో సభల్లో నేను ఎక్కుపెట్టిన తర్కం చెయ్యలేని పని, ఆ ఎర్రదీపం చేసింది. నోటిదాకా వచ్చిన మాట మింగి సబ్బునీళ్లు తెచ్చాను. గాజులు ఒక్కొక్కటే జారాయి. చివరిది బొటనవేలి ఎముక దగ్గర ఇరుక్కుంది. అక్క పళ్లు బిగించింది. ఫోనులో ఎక్స్‌ప్రెస్ హోరు మొదలైంది.

"బేగి కానీ. ఇది పోతే మాకు సిగ్నల్ ఇచ్చేస్తాడు."

"ఉండండి, వస్తంది."

వచ్చింది. తీసిన గాజులన్నీ తుడిచి, ఎడమచేతికి వేసుకున్నాకే అక్క ఆటో ఎక్కింది. ఈరోజైనా వచ్చారు, నయం అన్నాడు డాక్టరు. మందులు మొదలుపెట్టాక ఎరుపు తగ్గింది. వాపు నెమ్మదిగా దిగింది.

డాక్టరుకు చూపించిన సాయంత్రమే, బండి లూప్‌లో ఆగి ఉండగా గాజులు తీయించానని బావ గ్రూపులో రాశాడు. దాని కింద మొదటిసారి ఒక ఆడగొంతు వినిపించింది. నా చెయ్యి కూడా బిగుస్తోంది అక్కా, అంది. "మా ఆయన రైల్వే కాదు, బ్యాంకులో పని. నేనెప్పుడు తీయాలి?"

ఇది నేను జవాబివ్వాల్సిన ప్రశ్న అనిపించింది. మూఢనమ్మకాల పుట్టుక దగ్గర మొదలుపెట్టి రాయబోతుంటే, అక్క నా చేతిలోంచి ఫోను లాక్కుంది.

"ఆయన కుర్సీలో కూసున్నారా అమ్మా? అయితే తీసీయ్."