పెద్దబాపు తాగని చాయ్

మా పెద్దబాపు పోయాడన్న కబురు నాకు ఫలక్‌నుమా రైల్లో అందింది. ఇల్లు చేరేసరికి శవం పక్కనే నా మీద తీర్పు కూడా సిద్ధంగా ఉంది. "రోబో ఆపరేషన్, రోబో ఆపరేషన్ అని మనిషిని బెదరగొట్టింది గీ పిల్లనే," అని మేనత్త ఏడుస్తూనే అంటోంది. మీకు ముందే చెప్పాలి. ఆయనకు ఏ ఆపరేషనూ జరగలేదు.

మా బాపుకు, అంటే నాన్నకు, అన్న ఆయన. సంతోష్‌నగర్‌లో ఇంటింటికీ పాలు పోసేవాడు. పసిబిడ్డ ఉన్న ఇంట్లో కొలిచాక ఇంకాస్త వంపి, "గది నీకు గాదమ్మా, పోరనికి," అనేవాడు. నన్ను కాలేజీ దగ్గర దింపేటప్పుడు పాలవాసనకు దోస్తులు నవ్వుతారని సందు మొదట్లోనే బండి ఆపేవాడు. గేటు దాకా పోనిమ్మని నేను లొల్లి చేస్తే లోపల్లోపల మురిసిపోయేవాడు.

దారిలో ప్రతి ఇరానీ హోటల్ దగ్గరా ఆగేవాడు. "మా అన్నకు మస్తు చాయ్ పిచ్చి," అని బాపు నవ్వేవాడు. ఒకసారి చార్మినార్ దగ్గర నేనూ వెంట ఉన్నాను. చాయ్ చెప్పి వెనక్కి వెళ్లినవాడు చాలాసేపటికి గానీ రాలేదు. వచ్చి, కప్పు ముట్టకుండానే పైసలు పెట్టి లేచాడు.

"తాగవా పెద్దబాపూ?"

"తాగబుద్ధి అయితలేదు బిడ్డా. నడువ్."

ఆయన ఆగేది చాయ్ కోసం కాదు, హోటల్ వెనక ఉన్న మూత్రశాల కోసమని ఆ రోజు తెలిసింది.

ఇంట్లో చెబితే సిగ్గులేనిదాన్నయ్యాను. అయినా పట్టుబట్టి, నగరం ఆ చివరనున్న మూత్రవ్యాధుల డాక్టరుతో ఫోన్లో వీడియో కాల్ మాట్లాడించాను. పెద్దబాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని కూర్చున్నాడు. "నమస్తే సార్, చాయ్ తాగిన్రా?" అన్నాడు. డాక్టరు నవ్వి, రాత్రిళ్లు ఎక్కువసార్లు లేస్తున్నారా, ధార సన్నబడిందా అని అడిగాడు.

పెద్దబాపు నా వైపు చూసి తల దించుకున్నాడు. పెద్దమ్మ నా చెయ్యి పట్టి లేపింది. "మొగోళ్ల ముచ్చట్ల నీకేం పని? బైటికి నడువ్."

ఫోన్ పాలక్యానుకు ఆనించి గల్లీలోకి వచ్చాను. లోపలి నుంచి ఆయన గొంతు వినిపించింది: "ఏం ఫికర్ లేదు సార్. అంతా మంచిగనే ఉంది." కిటికీలోంచి చూస్తే ఫోన్ జారి వెల్లకిలా పడి ఉంది. పాపం ఆ డాక్టరు మా సీలింగు ఫ్యానును చూస్తూ రక్తపరీక్ష చేయించమని చెబుతున్నాడు. పెద్దబాపు చేయించలేదు.

మూత్రం పూర్తిగా ఆగిపోయాక గానీ ఆసుపత్రికి రాలేదు. ప్రోస్టేటు క్యాన్సర్ అన్నారు. చిన్న చిన్న గాట్లే పెడతారని, పక్కన కూర్చుని డాక్టరు నడిపిస్తే రోబో చేతులు లోపల పని చేస్తాయని నేను ఆయనకు చెప్పాను. ఆయన బెదరలేదు. "నడిపేది సారే గదా? చెయ్యి మెత్తగుండాలె. బర్రెను పిండినా గంతే," అన్నాడు.

కానీ రోగం అప్పటికే ఎముకల్లోకి పాకింది. ఇక కోసి తీసినా లాభం లేదని డాక్టరు చెప్పాడు. స్కానింగు నుంచి తిరిగి తీసుకొస్తుంటే ఒక అద్దాల తలుపు వెనక రోబో కనిపించింది. ప్లాస్టిక్ తొడుగుల్లో చేతులు ముడుచుకుని నిలబడి ఉంది. పెద్దబాపు చక్రాల కుర్చీ ఆపమన్నాడు.

"గిదేనా బిడ్డా?"

"గిదే."

"ఖాళీగనే ఉన్నది గదా."

నేను కుర్చీని మెల్లగా ముందుకు తోశాను.

దినాలు అయిపోయాయి. నిన్న బాపు నన్ను బండి మీద తీసుకొస్తూ చార్మినార్ దగ్గరి అదే హోటల్ ముందు ఆపాడు. చాయ్ చెప్పి వెనక్కి వెళ్లాడు. ఎంతకీ రాలేదు. ఆయన కప్పు మీద మీగడ కట్టింది.

ఆ బల్ల దగ్గరే బాపు కోసం అదే డాక్టరుతో మళ్లీ వీడియో కాల్‌కు సమయం తీసుకున్నాను. ఈసారి ఫోన్ నా చేతిలోనే ఉంటుంది. ఎవరు లేపినా గదిలోంచి కదలను.